క్యామ్రీ అమ్మేసి 1970 ఎంజీబీ కొనొచ్చా?

హైవే_తెలుగు:
ఉండేది న్యూజెర్సీ. ఇంట్లో 2019 టయోటా క్యామ్రీ ఉంది, 2.5 లీటర్ల ఇంజన్. 1970 ఎంజీబీ, అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఓపెన్ టాప్‌ది ఒకటి అమ్మకానికి వచ్చింది. క్యామ్రీ తీసేసి రోజూ దీన్నే వాడితే ఎలా ఉంటుంది? ఇద్దరు పిల్లలున్నారు.

స్పానర్:
వేగం కోసమైతే వద్దండి. ఎంజీబీ 1798 సీసీ ఇంజన్‌కి రాసిన శక్తి 95 హార్స్‌పవర్, గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి దాదాపు 12 సెకన్లు. మీ క్యామ్రీకి 203, ఎనిమిది సెకన్లు చాలు, అదీ 1,500 కిలోల బరువుతో. ఎంజీబీ సరదా వేరు: బరువు దాదాపు వెయ్యి కిలోలే, స్టీరింగ్‌కి పవర్ సాయం లేదు, రోడ్డు చేతికి తెలుస్తుంది. గంటకు 40 మైళ్ల వేగంతో తిరిగే మలుపులో కూడా నడిపిన తృప్తి ఉంటుంది. క్యామ్రీలో అది దొరకదు.

అసలు తేడా బ్రేకుల్లో. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. గట్టిగా తొక్కితే సన్నటి టైర్లు లాక్ అయి బండి జారుతుంది. ముందు కారు తనంతట తాను బ్రేకు వేసుకునే రోజుల్లో, మీరు రెట్టింపు దూరం వదలాల్సిందే.

అబింగ్డన్:
1970 మంచి ఏడాదే. డ్యూయల్ సర్క్యూట్ బ్రేకులు (ఒక లైను పోయినా రెండోది పనిచేస్తుంది), అన్ని గేర్లకూ సింక్రో (గేరు గీరకుండా పడుతుంది), ఇంజన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు రెండు ఉంటాయి. 1974 చివర్లో వచ్చిన రబ్బరు బంపర్ల బండి ఎత్తు పెంచారు, మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది.

ముందు తుప్పు చూడండి, ఇంజన్ తర్వాత. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ అనే రేకు పెట్టెలే వెన్నెముక. జాక్ పాయింట్ దగ్గర లేపి తలుపు తెరిచి మూయండి. సందు మారినా, తలుపు బిగుసుకున్నా సిల్ లోపల బలాన్నిచ్చే క్యాసిల్ సెక్షన్ అనే రేకు పోయినట్టే. పైన మెరిసే కొత్త రేకు వేసి దాచేస్తుంటారు, అందుకే కింద పడుకుని అయస్కాంతం పెట్టి చూడాలి. పూర్తి సిల్ వెల్డింగ్ ఖర్చు ఒక్కోసారి బండి ధరను మించుతుంది.

క్యామ్రీకి 0డబ్ల్యూ16 అనే పల్చటి ఇంజన్ ఆయిల్ 10,000 మైళ్లకోసారి మారిస్తే సరి. దీనికి జింక్ ఎక్కువున్న 20డబ్ల్యూ50 అనే చిక్కటి ఆయిల్ కావాలి, 3,000 మైళ్లకోసారి. అప్పుడే ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్‌లకు గ్రీజు పట్టించాలి, గ్రీజు ఎక్కించే నిపుల్స్ పక్కకు మూడేసి ఉంటాయి. మానేస్తే పిన్ను అరిగి స్టీరింగ్ బిగుస్తుంది. వాల్వ్‌కి, దాన్ని నొక్కే రాకర్‌కి మధ్య సందు 0.015 అంగుళం, చల్లగా ఉన్నప్పుడు. స్పార్కు కోసం తెరుచుకునే ఇగ్నిషన్ పాయింట్ల సందు కూడా అంతే. ఎస్‌యూ కార్బురేటర్ల పైనుండే డ్యాష్‌పాట్ అనే గొట్టంలో నూనె తగ్గితే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ తడబడుతుంది.

ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు పగులుతాయి, కొన్న వెంటనే ఇథనాల్ తట్టుకునే జె30 ఆర్9 రకం పైపులు వేయండి. స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోల్ పంపు టిక్ టిక్ వినపడకపోతే సాధారణంగా దాని లోపలి స్విచ్చు పాయింట్లే కారణం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి.

హైవే_తెలుగు:
చలికాలంలో? పిల్లల సీట్లు?

స్పానర్:
పిల్లల్ని అందులో కూర్చోబెట్టకండి. ఎయిర్‌బ్యాగులు లేవు, చైల్డ్ సీటు బిగించే లాచ్ కొక్కేలూ లేవు, వెనక సరైన సీటే లేదు. క్యామ్రీ ఉంచుకోండి, ఇది రెండో బండిగానే.

అబింగ్డన్:
రోడ్ల మీద ఉప్పు చల్లే కాలంలో బయటికి తీయొద్దు. సిల్స్ లోపల ఉప్పునీరు నిలిచి లోపలినుంచి తినేస్తుంది. అన్నాళ్లు నిలిపి ఉంచే ముందు ట్యాంకు నిండా పెట్రోల్ పోసి, అది పాడవకుండా స్టెబిలైజర్ కలిపి, పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి, కార్బురేటర్ల దాకా చేరుతుంది. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి, టెర్మినల్ విప్పేయండి. బ్రేకు డ్రమ్ములు అంటుకోకుండా హ్యాండ్‌బ్రేకు వదిలి చక్రాలకు దిమ్మలు పెట్టండి.