ల్యాబ్ ఫలితాలు: జేసన్‌బీలో పెట్టాలా, పరీక్షకో రో పెట్టాలా?

చింతచెట్టు:
పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్. శాంపిళ్ళు 4 కోట్లు, ఒక్కోదానికి సగటున 20 ఫలితాలు. షుగర్ టెస్టుకైతే ఒకటే, బ్లడ్ పిక్చర్‌కి పాతిక దాకా. పరీక్షకో రో (ఒక్కో ఫలితానికి ఒక్కో వరస, ఈఏవీ అంటారు) మంచిదా, శాంపిల్ రోలోనే జేసన్‌బీ కాలమ్ (ఫలితాలన్నీ పేరు-విలువ జతలుగా ఒకే గడిలో) మంచిదా? రోజూ అడిగేది: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) 1.4 దాటినవాళ్ళెవరు?

పాతడీబీఏ:
పరీక్షకో రో. విలువకి న్యూమరిక్ (అంకెలే పట్టే కాలమ్), పరీక్షకి ఫారిన్ కీ (పరీక్షల జాబితా టేబుల్లో ఉన్నదే పడేలా). నేను చూసిన ఒక ఆసుపత్రి జేసన్‌లో హిమోగ్లోబిన్ మూడు రకాలుగా ఉండేది: 'హెచ్‌బీ', 'హీమోగ్లోబిన్', చివర స్పేస్ పడ్డ 'హెచ్‌బీ '. రిపోర్టు మొదటిదాన్నే పట్టుకుంది. రక్తహీనత ఉన్న గర్భిణులు కొందరు జాబితాలోకే రాలేదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక్కో పేరూ వెతికింది నేనే.

స్కీమావద్దు:
80 కోట్ల రికార్డులండీ! ఒక్కో రోకి పోస్ట్‌గ్రెస్ తన లెక్కకోసం రాసుకునే హెడర్ 24 బైట్లు, పేజీలో పాయింటర్ 4. హెడర్లకే 22 జీబీ పైన పోయింది. ఇండెక్స్ వేరే. జేసన్‌బీ 2014లో 9.4తో వచ్చింది, ఇంకా భయపడితే ఎలా?

పాతడీబీఏ:
జేసన్‌బీలో కీ, అంటే పరీక్ష పేరు, ప్రతి రోలోనూ మళ్ళీ పడుతుంది. సీరమ్ క్రియాటినిన్ ఇంగ్లీషు స్పెల్లింగుకి 16 బైట్లు, కీకో ఎంట్రీ 4, విలువకో ఎంట్రీ 4. మొత్తం 24. మీ 28కీ దీనికీ తేడా ఎంత?

స్కీమావద్దు:
శాంపిల్ ఐడీ, పరీక్ష ఐడీ ఎవరు కలుపుతారు?

పాతడీబీఏ:
సరే, కలుపుదాం. ఒక్క ఫలితం సరిదిద్దితే మీది డాక్యుమెంట్ మొత్తం తిరగరాస్తుంది, అదీ కలపండి.

గోదారిగట్టు:
బైట్లు వదిలెయ్యండి. 1.4 దాటినవాళ్ళని వెతకడానికి జేసన్‌బీకి మామూలుగా వేసే జిన్ ఇండెక్స్ పనికిరాదు. క్రియాటినిన్ విలువ ఒక్కదాని మీదే ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్, విలువల్ని వరసలో పెట్టే బీ-ట్రీది, వేసి ఎనలైజ్ చేస్తే, ఎలా వెతకాలో తేల్చే ప్లానర్‌కి ఎన్ని రోలు వస్తాయో అంచనా కూడా దొరుకుతుంది.

స్కీమావద్దు:
నేననేదీ అదే. ఎక్కువ అడిగే నాలుగైదింటికి అలా వేస్తే చాలు.

పాతడీబీఏ:
అంత అడుగుతుంటే కాలమే పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 11వ వెర్షన్ నుంచి స్థిరమైన డీఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చినా టేబుల్ తిరగరాయదు. క్షణంలో పని.

స్కీమావద్దు:
క్షణమా? పోయినేడు ఒక్క కాలమ్ కోసం టికెట్ పెట్టి 19 రోజులు చూశాం. ఈలోగా కొత్త పరీక్ష మొదలైంది, ఫలితాలు రిమార్క్స్‌లో కుక్కాం. జేసన్‌బీకి మారింది అందుకే. హెడర్లు కాదు, మాకు డీబీఏలే (డేటాబేస్ చూసుకునేవాళ్ళే) సమస్య.

కందిపొడి:
అన్నా, కాస్త తగ్గండి.

పాతడీబీఏ:
లేదు, చెప్పనివ్వండి. ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. కొత్త కీ ఎవర్నీ అడక్కుండా పెట్టుకోవాలి, అంతేగా? 19 రోజులు ముమ్మాటికీ తప్పే. కానీ పేరు ఖాయం చేసేదెవరు?

స్కీమావద్దు:
పాథాలజిస్టు. ఆయన సరే అన్న రోజే పరీక్షల జాబితా టేబుల్లో మేం చేర్చుకునే హక్కుండాలి. అదుంటే పరీక్షకో రోకి నాకు అభ్యంతరం లేదు.

పాతడీబీఏ:
నా దగ్గరైతే ఆ హక్కు ఇస్తాను. పేరు చివర స్పేస్ రాకుండా చెక్ కన్‌స్ట్రెయింట్ పెడతా. యూనిట్ కాలమ్ నాట్ నల్, ఖాళీగా వదలనివ్వదు.

చింతచెట్టు:
యూనిట్ సంగతి నాకు తట్టనేలేదు. ఇప్పుడే చూశాను, మాకు వచ్చే రెండు ల్యాబుల్లో ఒకటి క్రియాటినిన్‌ని మైక్రోమోల్స్‌లో పంపుతోంది. మా మిల్లీగ్రాముల లెక్కలో 1.4 అంటే అక్కడ దాదాపు 124. ఇన్నాళ్ళూ ఆ ల్యాబ్ పేషెంట్లు అందరూ మా జాబితాలోకి వచ్చేస్తున్నారు.