కంపెనీ ఫోన్లకు అప్‌డేట్ ఆపాలా, రాత్రికి రాత్రి తోసేయాలా?

గోడౌన్_గుమాస్తా: గోడౌన్లో 200 ఆండ్రాయిడ్ ఫోన్లు, అన్నీ డివైస్ ఓనర్ పద్ధతిలో (ఫోను పూర్తిగా కంపెనీ అదుపులో) కన్సోల్ కిందే, అంటే అన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ కిందే ఉన్నాయి. మూడు షిఫ్టులు. సిస్టమ్ అప్‌డేట్ పాలసీ ‘పోస్ట్‌పోన్’ (వాయిదా) పెట్టాలా, ‘విండోడ్’ (రోజూ ఫలానా వేళలోనే) పెట్టాలా?

రవ్వదోశ: పోస్ట్‌పోన్ పెట్టి పడుకోండి. 90 రోజులు ఎవడూ కదపలేడు.

స్లాట్_బి: 90 కాదండీ, 30. 90 ఐఫోన్, ఐప్యాడ్‌ల లెక్క, అదీ సూపర్‌వైజ్డ్ (కంపెనీ గట్టి అదుపులో ఉన్నవి) అయితేనే. ఆండ్రాయిడ్‌లో 30 రోజులు దాటితే పాలసీ లేనట్టే. తెర మీద అప్‌డేట్ అడుగుతుంది, ఎవరో ఒకరు నొక్కేస్తారు. పైగా నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లకు (భద్రతా లోపాల సవరణలకు) పోస్ట్‌పోన్ వర్తించదు. విండోడ్ పెట్టండి: మొదలు 120, ముగింపు 240. అర్ధరాత్రి నుంచి నిమిషాల్లో లెక్క, అంటే ఫోన్ గడియారంలో 2 నుంచి 4.

రవ్వదోశ: ఆండ్రాయిడ్‌లోనూ 90 ఉంది. ఫ్రీజ్ పీరియడ్ అంటారు, ఆ తేదీల మధ్య అప్‌డేట్లే ఉండవు. ముందు అది చదవండి.

స్లాట్_బి: చదివే చెప్తున్నా. ఫ్రీజ్ వేరు, పోస్ట్‌పోన్ వేరు. ఫ్రీజ్ ఆండ్రాయిడ్ 9 నుంచే ఉంది. ఒక్కోటి 90 రోజులు మించకూడదు, రెండింటి మధ్య కనీసం 60 రోజుల ఎడం ఉండాలి. తేదీలో సంవత్సరం ఉండదు కాబట్టి తీసేయడం మరిచిపోతే వచ్చే ఏడూ అదే రోజున మొదలవుతుంది. సెక్యూరిటీ ప్యాచ్‌లూ ఆగిపోతాయి. పండగ రద్దీకి పనికొచ్చేది, బద్ధకానికి కాదు.

కేబుల్_బాబాయ్: అప్‌డేట్ ఫోనుకి 2 జీబీ అనుకున్నా మొత్తం 400 జీబీ. 100 ఎంబీపీఎస్ లైను నిండా వాడినా 9 గంటలు. మీ విండో 2 గంటలు.

రవ్వదోశ: బద్ధకమా! రాత్రి రీస్టార్ట్ అయిన ఫోను పిన్ కొట్టేదాకా సగం చచ్చినట్టే. డేటా తాళంలో ఉంటుంది, స్కానింగ్ యాప్ లేవదు. పిన్ తెలిసినవాడు ఇంటికెళ్లిపోయి ఉంటాడు. ఐప్యాడ్ మరీ ఘోరం, అన్‌లాక్ కాకముందు వైఫైకే ఎక్కదు. పాస్‌కోడ్ తీసేయమని కన్సోల్ నుంచి పంపిన ఆదేశం దానికెలా అందుతుంది? కన్సోల్లో బటన్ నొక్కేది మీరు, పొద్దున్నే తిట్లు తినేది హెల్ప్‌డెస్క్.

స్లాట్_బి: అదీ సంగతి! మీ గొడవ రోజుల గురించి కాదన్నమాట. పదిమంది వాడే ఫోనుకి పిన్ ఎందుకు? కియోస్క్‌లో (మీరు ఎంచిన యాప్ మాత్రమే నడిచే పద్ధతిలో) పెట్టి తాళం తెర తీసేయండి, యాప్ తనంతట తానే లేస్తుంది.

రవ్వదోశ: తీస్తే, పోయిన ఫోన్లో డేటాకి ఎవరు పూచీ? సెక్యూరిటీ వాళ్లకి ప్యాచూ కావాలి, పిన్నూ కావాలి. ఫోన్లు మాత్రం ఎత్తరు.

గోడౌన్_గుమాస్తా: మా లారీల లోడింగే రాత్రి 2–4 మధ్య. మధ్యాహ్నం రెండున్నరకి షిఫ్టు మారుతుంది, గంటసేపు అన్నీ ఛార్జింగ్‌లో ఉంటాయి. మొదలు 870, ముగింపు 930 పెడితే?

స్లాట్_బి: భేషుగ్గా. పిన్ తెలిసినవాళ్లూ అక్కడే ఉంటారు. ముందు 5 ఫోన్లు, వారం తర్వాత 40, ఆపైన మిగతావి. అప్పుడు బాబాయ్ లైను మీద భారమంతా ఒక్కసారే పడదు. ప్లే స్టోర్ యాప్‌ల అప్‌డేట్లూ ఆ గంటలోకే వస్తాయి, గుర్తుంచుకోండి.

రవ్వదోశ: ఆ 5లో లేబుల్ ప్రింటర్‌కి జతచేసినది ఒకటి ఉండాలి. బ్లూటూత్ తెగితే అక్కడే తెలుస్తుంది.