కుక్కర్ విజిల్ గరిటెతో ఎత్తొచ్చా? కొత్తవాళ్ళకి అసలు కుక్కరే వద్దా?

రూమ్_వంటగాడు: పుణెలో ఉద్యోగం. మెస్ తిండి పడక ఇంట్లోనే వండుకుందామని మూడు లీటర్ల కుక్కర్ కొన్నాను. నా రూమ్మేట్ మూడో విజిల్ రాగానే గరిటె కాడతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలేస్తాడు. నాకేమో గుండె దడ. అలా చేయొచ్చా? కొత్తవాళ్ళు కుక్కర్ జోలికి వెళ్ళకపోవడమే మంచిదా?

గోదారి_పెద్దమ్మ: ఊరికే భయపడకు బాబూ. నేనూ అలాగే తీస్తాను. పొద్దున్నే బాక్సులు కట్టేటప్పుడు అది చల్లారేదాకా కూర్చుంటే స్కూలు బస్సు ఆగుతుందా? పొడుగు కాడ గరిటె తీసుకో, మొహం పక్కకి పెట్టుకో, మెల్లగా ఎత్తు. అంతే.

పప్పుచారు: కరెంటు కుక్కర్ కొనుక్కో తమ్ముడూ, గొడవే ఉండదు.

వాల్వు_వాసు: పెద్దమ్మగారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఇది కొత్తవాడికి చెప్పే మాట కాదు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిందంటే లోపలి నీళ్ళు భగ్గున మరిగి పొంగుతాయి. పప్పు నురగ, గంజి విజిల్ గొట్టంలోకి ఎక్కుతాయి, గోడ దాకా చిమ్ముతాయి. పప్పు పొట్టు ఆ గొట్టంలో ఎండిపోతే మర్నాడు విజిలే రాదు. ఇక భారమంతా సేఫ్టీ వాల్వు మీదే. వేడి హద్దు దాటితే కరిగి ఆవిరి వదిలే లోహపు బిళ్ళ అది. దాన్ని మనం ఎప్పుడైనా చూశామా? పప్పయితే కుక్కర్ సగానికి మించి నింపకూడదు. మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకి పట్టి అవతలి వైపు కనిపిస్తోందో లేదో చూడాలి.

గోదారి_పెద్దమ్మ: పప్పని నేనన్నానా? నేను చెప్పింది అన్నం గిన్నె పెట్టిన కుక్కర్ గురించి.

వాల్వు_వాసు: ఏ కుక్కరో మీరు చెప్పలేదు. పైకి వెళ్ళి చదవండి.

గోదారి_పెద్దమ్మ: పొద్దున బాక్సులంటే అన్నమే కదయ్యా. ఆ మాత్రం అర్థం కాదా?

వాల్వు_వాసు: బాక్సులో పప్పు పెట్టరా? సరే, అన్నమే అనుకుందాం. గంజి పొంగదా? ఇంకో సంగతి. 2021 ఫిబ్రవరి నుంచి కుక్కర్లకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తున్న కుక్కర్ కొని, దానికి సంతలో దొరికే వాల్వు బిగించుకుంటే ఏం లాభం?

బెజవాడ_బాబాయ్: గ్యాస్ లీకు గురించి ఒక్కరూ మాట్లాడరేం? వాసనొస్తే స్విచ్ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. ఆ గ్యాసు గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది.

పప్పుచారు: బాబాయ్, ఇక్కడ విజిల్ సంగతి నడుస్తోంది.

విశాఖ_కోడలు: మొహం పక్కకి పెడితే సరిపోతుందా? కాపురానికొచ్చిన కొత్తలో నేనూ గరిటెతోనే ఎత్తాను. ఆవిరి మొహానికి కాదు, మణికట్టుకి కొట్టింది. గాజుల కింద చర్మం ఊడొచ్చింది. కుళాయి కింద చెయ్యి పెడితే మా అత్తగారు లాగేసి, నీళ్ళు తగిలితే బొబ్బలెక్కుతాయని టూత్‌పేస్ట్ పూశారు. కాలినచోట 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళు ధారగా పోయాలి. పేస్టూ వద్దు, పసుపూ వద్దు, ఐసూ వద్దు. ఆ రోజు ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "కుక్కర్ దించడం కూడా రాదా" అని.

గోదారి_పెద్దమ్మ: అత్తలందర్నీ ఒకే గాటన కట్టకమ్మా. మాకు మాత్రం ఎవరు నేర్పారు? పొగలో కళ్ళు నులుముకుంటూ, తిట్లు తింటూనే నేర్చుకున్నాం. ఇప్పటి పిల్లలకి ప్రతిదానికీ టెన్షనే.

విశాఖ_కోడలు: మీరు తిట్లు తిన్నారు కాబట్టి మేమూ తినాలా? ఆ బాక్సులు మోసుకెళ్ళేవాళ్ళలో ఒక్కరైనా పొద్దున లేచి ఉల్లిపాయ కోస్తారా? వాసుగారూ, మీరు కూడా చెప్పండి. డిగ్రీలు, వాల్వులు బాగానే చెప్పారు. మీ ఇంట్లో కుక్కర్ పెట్టేదెవరు?

వాల్వు_వాసు: ఇక్కడ ఆ ప్రశ్న అనవసరం.

పప్పుచారు: దొరికాడు 😂

వాల్వు_వాసు: ఎవరు పెట్టినా ఆవిరి ఆవిరే కదండీ! పది నిమిషాలు ఆగమంటున్నాను, అంతే.

గోదారి_పెద్దమ్మ: ఆ పది నిమిషాలు నాకు ఎవరిస్తారయ్యా? క్యారేజీ ఆలస్యమైతే మాట పడేది నేను. చల్లారాక తీయాలని నాకు తెలీదనుకున్నావా? ఆ ముక్క నాకు కాదు, గుమ్మంలో చెప్పులేసుకుని అరిచేవాళ్ళకి చెప్పు.

విశాఖ_కోడలు: ఈ మాట మొదట్లోనే అని ఉంటే మీతో ఇంతసేపు వాదించేదాన్నే కాదు. అయినా ఆ అబ్బాయికి గరిటె సలహా ఇవ్వకండి. అతన్ని తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

రూమ్_వంటగాడు: అందరూ ఒక్క నిమిషం ఆగండి. కుక్కర్ ఇప్పుడు పొయ్యి మీదే ఉంది. విజిల్ రావట్లేదు, మూత చుట్టూ ఆవిరి పోతోంది!

వాల్వు_వాసు: స్టవ్ కట్టెయ్. విజిల్ ముట్టుకోకు. మూత వదులయ్యేదాకా ఆగి తీయ్. అంచున మెతుకు ఇరుక్కుందేమో, రబ్బరు పగిలిందేమో చూడు. గొట్టం కూడా చూడు.

రూమ్_వంటగాడు: కట్టేశాను. రబ్బరు సాగినట్టుంది.

గోదారి_పెద్దమ్మ: కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి వెయ్యి బాబూ, బిగుసుకుంటుంది.

వాల్వు_వాసు: ఫ్రిజ్ ఏంటండీ! సాగిన రబ్బరు మార్చాల్సిందే.

గోదారి_పెద్దమ్మ: రాత్రి పదిన్నరకి రబ్బరు ఎక్కడ దొరుకుతుందయ్యా?

పప్పుచారు: అందుకే కరెంటు కుక్కర్ అన్నాను.

విశాఖ_కోడలు: మామూలు గిన్నెలో ఎసరు పెట్టి వండుకో తమ్ముడూ. కుక్కర్ సంగతి రేపు చూద్దాం. బియ్యం ఎంత పోశావ్?