5 నిమిషాలకే మోటర్ సలసలా కాగిపోతోంది, స్పీడ్ పడిపోతోంది (1/10 రిమోట్ కంట్రోల్ బగ్గీ) – కొత్త మోటర్ కొనాలా?

మట్టి_బగ్గీ:
బ్రోస్, నాది 1/10 (అసలు బండిలో పదో వంతు సైజు) టూ వీల్ డ్రైవ్ రిమోట్ బగ్గీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఏడాదైంది. 3300 కేవీ (అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 3300 చుట్లు) సెన్సర్ లేని బ్రష్‌లెస్ మోటర్, టూ ఎస్ లైపో (రెండు సెల్స్ లిథియం బ్యాటరీ) 5000 ఎంఏహెచ్. మొన్నటిదాకా ఒక ప్యాక్ మీద ఈజీగా 20 నిమిషాలు తిరిగేది. సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళినప్పుడు స్కూల్ గ్రౌండ్‌లో మా తమ్ముళ్ళతో కలిసి మూడ్రోజులు దుమ్ము రేపాం, అక్కడే ఇంకొంచెం స్పీడ్ కావాలని 20 పళ్ళ పినియన్ (మోటర్ షాఫ్ట్ మీది చిన్న గేర్) తీసేసి 26 వేసా, స్పర్ (అది తిప్పే పెద్ద గేర్) పాతదే 81. ఇంటికొచ్చాక చూస్తే ఐదు నిమిషాలకే స్లో అయిపోతోంది, మోటర్ మీద వేలు పెట్టలేకపోతున్నా, నిన్నైతే ఈఎస్‌సీ (మోటర్ స్పీడ్ కంట్రోలర్) దానంతటదే ఆగిపోయి చల్లారాక మళ్ళీ లేచింది. వెనక నుంచి కీచుమని సన్నగా సౌండ్ కూడా. కొత్త మోటర్ కార్ట్‌లో పెట్టి ఉంచా, నాలుగు వేలు. నొక్కేయమంటారా?

రాణిగంజ్_బేరింగ్:
తమ్మీ ఆగు, నొక్కకు. మోటర్ పోతే పోయినట్టే తెలుస్తది, నీది పోలే, దాని మీద బరువు పడ్తున్నది అంతే. 20 నుంచి 26 అంటే గేరింగ్ 30 శాతం ఎక్కినట్టు, అది కూడా మట్టిల. తారు రోడ్డు మీద సాఫ్‌గ ఉరుకుతదేమో గానీ గడ్డిల, ఇసుకల ఐదు నిమిషాలకు ఉడుకుతది. ముందు 20 మళ్ళ వెయ్.

రెండోది, పినియన్ మార్చినప్పుడు మెష్ (రెండు గేర్ల పళ్ళు ఒకదాంట్ల ఒకటి కూర్చునే తీరు) చూసుకున్నవా? పెద్దది వేసినప్పుడు మోటర్‌ని వెనక్కి జరపాలె, చాలామంది గట్టిగా ఒత్తి స్క్రూ బిగిస్తరు. నోట్‌బుక్ కాగితం సన్నగ చింపి రెండు గేర్ల నడుమ పెట్టి, దాని మీద ఒత్తి మోటర్ బిగించు, తర్వాత స్పర్ తిప్పుతే కాగితం బయటికొస్తది. వంకర టింకరగ ముడతలు పడాలె, చిరగొద్దు. చిరిగిందంటే టైట్. పినియన్ గ్రబ్ స్క్రూ (దాన్ని పట్టి ఉంచే తల లేని చిన్న స్క్రూ) షాఫ్ట్ మీద చదునుగ ఉన్నకాడనే కూర్చోవాలె, లేకుంటే జారి మొత్తం తింటది.

ఇవన్నీ చేసినా తగ్గకుంటే మోటర్ పూర్తిగా ఇప్పి పక్కకు పెట్టి, కారు చక్రాలు చేత్తో తిప్పి చూడు. మోటర్ ఉన్నప్పుడు చూడకు, లోపల అయస్కాంతం గట్లు గట్లుగ పట్టుకుంటది, అదే జామ్ అనుకుంటవు.

సోల్డర్_బాబాయ్:
పైన అన్న చెప్పింది కరెక్టేనండి, గేరింగే మొదటి అనుమానం. నేను ఇంకొకటి అడుగుతా, ఈఎస్‌సీలో బ్యాటరీ టైప్ లైపో అనే ఉందా? సెకండ్ హ్యాండ్‌వి కొన్నిసార్లు నైఎంహెచ్ (నికెల్ బ్యాటరీ) మోడ్‌లో వదిలేసి అమ్మేస్తుంటారు, అలా ఉంటే లో వోల్టేజ్ కటాఫ్ (ఛార్జ్ తగ్గగానే ఆపేసేది) సరిగ్గా పడదు, ప్యాక్ సెల్‌కి 3 వోల్టుల కిందకి పోయి ఉబ్బుతుంది. మా ఇంట్లో రెండు అలాగే అప్పడాల్లా పొంగిపోయి, తర్వాత బాల్కనీలో ఇసుక బకెట్‌లో పెట్టి కూర్చున్నాను, మా ఆవిడ నన్ను కూడా అందులోనే పెడతానంది. టూ ఎస్‌కి కటాఫ్ 6.4 వోల్టుల దగ్గర పెట్టుకోండి, ఆడని రోజుల్లో సెల్‌కి 3.8కి తెచ్చి దాచండి.

వేడి కొలవడానికి కరోనా టైమ్‌లో కొన్న నుదుటి థర్మామీటర్ వాడదామనుకునేరు, అది 43కే హై అని చేతులెత్తేస్తుంది. కొన్ని మల్టీమీటర్లకి టెంపరేచర్ వైర్ వస్తుంది, అది మోటర్ డబ్బాకి ఆనించండి. 70 దాటుతోందంటే ఆపెయ్యండి, ఆ పైన అయస్కాంతం బలం తగ్గడం మొదలైతే మళ్ళీ తిరిగి రాదు.

కార్పెట్_ట్రాక్_డాలస్:
మేం ఇక్కడ వీకెండ్ ఇండోర్ కార్పెట్ మీద ఆడతాం, ఒక్కొక్కరికీ ఇదే కంప్లైంట్. కార్పెట్ నూలు యాక్సిల్‌కి చుట్టుకుని బేరింగ్ సీల్ కింద దూరిపోతుంది, బయటికి ఏమీ కనబడదు. నీ కేసులో సంక్రాంతి, గ్రౌండ్ అన్నావు కదా, చక్రం ఊడదీసి హబ్‌కీ (చక్రం వెనక బేరింగ్ కూర్చునే భాగం) బేరింగ్‌కీ మధ్య చూడు, ఎందుకో నాకు మాంజా మీద డౌట్. డ్రైవ్ షాఫ్ట్ తీసేసి ఒట్టి చక్రాన్ని వేలితో కొట్టు, మంచి బేరింగైతే సౌండ్ లేకుండా తిరిగి మెల్లగా ఆగుతుంది, దుమ్ము పట్టిందైతే గరగరమని టక్కున ఆగిపోతుంది.

క్లీనింగ్ గురించి ఒక్క మాట, చైన్‌కి కొట్టే స్ప్రేలు చాలామంది కొడతారు, నాకు నచ్చదు, నాలుగు రోజులకి ఆ జిగటకే దుమ్మంతా అంటుకుంటుంది.

రాణిగంజ్_బేరింగ్:
మాంజా సంగతి నాకు యాదికి రాలే, నిజమే. బేరింగ్ రబ్బర్ సీల్‌ని బ్లేడ్ కొనతోని మెల్లగ లేపి పక్కకు పెట్టు, పెట్రోల్ల వెయ్యకు ఉబ్బుతది. బేరింగ్ ఒక్కటే పెట్రోల్ల నానబెట్టి, ఊది ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. రెండో చుక్క వద్దు. అయినా గరగరమంటే కొత్తది కొను, 5 10 4 సైజు (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లల) అయితే దుకాణంల ఎంఆర్ 105 అను, 10 15 4 అయితే 6700. రబ్బర్ సీల్‌ది కావాలంటే వెనక టూ ఆర్ఎస్ అని చెప్పు. బొమ్మ కారుకు అని చెప్పకు, రేటు పెంచుతడు లేకుంటే నవ్వుతడు.

మట్టి_బగ్గీ:
అన్నలూ, మీకు దండం. నిన్న రాత్రి పేపర్ పరిచి మొత్తం విప్పా. మోటర్ తీసాక కూడా వెనక కుడి చక్రం బరువుగా తిరిగింది, ఎడమది ఫ్రీగా ఉంది. చక్రం లాగి చూస్తే పైకి ఏం లేదు, హబ్‌లోంచి బేరింగ్ బయటికి తోసాక దాని చుట్టూ గులాబీ రంగులో గట్టిగా, దాదాపు కరిగి అతుక్కుపోయినట్టు ఒక రింగు. ముందు అది బేరింగ్ పార్టే అనుకున్నా! సూదితో గీకితే దారం ఊడొచ్చింది, రెండు మూరలు ఉంటుంది, సీల్‌ని పూర్తిగా కోసేసి బాల్స్‌లోకి దిగింది. ఆ బేరింగ్ ఇక పనికిరాదు, ఎంఆర్ 105 నాలుగు తెచ్చా.

మెష్ కూడా టైట్‌గానే ఉంది, కాగితం పెట్టగానే రెండు ముక్కలు. ఇప్పుడు 20 పినియన్, కొత్త బేరింగ్, మోటర్ స్క్రూలకి నీలం లాక్, అదే స్క్రూ లూజ్ కాకుండా పట్టే జిగురు (ప్లాస్టిక్‌లోకి వెళ్ళేవాటికి వెయ్యలేదు, ప్లాస్టిక్ పగులుతుందని ఎక్కడో చదివా). బాబాయ్ గారూ, ఈఎస్‌సీ లైపో మోడ్‌లోనే ఉంది, చెక్ చేసా. ఇవాళ పొద్దున కాలనీ గ్రౌండ్‌లో 18 నిమిషాలు ఆడించా, మోటర్ మీద చెయ్యి పెట్టి పది అంకెలు లెక్కపెట్టగలిగా. కీచు సౌండ్ పోయింది. కార్ట్‌లోంచి మోటర్ తీసేసా.

ఆ గులాబీ మాంజా ఎవరిదో కూడా గుర్తొచ్చింది, మా చిన్న తమ్ముడిది. కనుమ రోజు చరఖాలో దారం ఎవరో కొట్టేసారని గంటసేపు ఏడ్చాడు.

కార్పెట్_ట్రాక్_డాలస్:
హహ, వాడికి ఒక చరఖా బాకీ నువ్వు.