సభాకంపం పోవడానికి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరవచ్చా?

ప్రశ్న: అకౌంట్స్ ఉద్యోగిని, హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు కంపెనీలో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఈమధ్యే ప్రమోషన్ వచ్చింది. దాని వెంటే ప్రతి నెలా మొదటి వారంలో పాతికమంది ముందు నిలబడి ఖర్చుల లెక్క వివరించే బాధ్యతా వచ్చింది. అంకెల దగ్గర నాకు తడబాటు లేదు, నిలబడితేనే తంటా. పోయిన నెల చేతిలో కాగితం వణికి, ఆ గరగర మైకులో గదంతా వినిపించింది. ఒకాయన ఫ్యాను కాస్త తగ్గించమన్నారు. ఆ గదిలో ఫ్యానే లేదు.

మా ఆడపడుచు, నలుగురి ముందు మాట్లాడడం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరమంటోంది. నా సందేహాలివి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు రాయగలను కానీ మాట్లాడేటప్పుడు ముందు తెలుగులో అనుకుని తర్వాత మార్చుకుంటాను. అక్కడ నవ్వుతారా? ఖర్చు ఎంత? ఇద్దరు చిన్నపిల్లలతో నేను ఇవ్వగలిగిన సమయం సరిపోతుందా? అసలు దీనివల్ల ఉపయోగం ఉంటుందా?

జవాబు: నాలుగేళ్లుగా సభ్యుడు, హైదరాబాద్

డబ్బు సంగతి ముందు చెబుతాను, దాన్ని అందరూ చివరికి నెడతారు కనుక. అతిథిగా వెళ్లి చూడడానికి రూపాయి అక్కర్లేదు. చేరితే ప్రవేశ రుసుము ఒకసారి 20 డాలర్లు, సభ్యత్వం ఆరు నెలలకు 60 డాలర్లు. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో పునరుద్ధరించుకోవాలి. హాలు అద్దెకూ టీకీ కొన్ని క్లబ్బులు పైన ఇంకొంత కలుపుతాయి, కాబట్టి రూపాయల్లో మొత్తం ఎంతవుతుందో అక్కడివారినే అడగండి. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగుల కోసం సొంతంగా క్లబ్బులు నడుపుతాయి. మీ స్థానంలో నేనుంటే మాత్రం ఆఫీసు క్లబ్బు జోలికి పోను. మీ లెక్కలు వినే పాతికమందిలో నలుగురు అక్కడా ముందు వరుసలో కూర్చుంటారు.

సమయం: క్లబ్బును బట్టి వారానికోసారి గానీ రెండు వారాలకోసారి గానీ సమావేశం. గంట నుంచి రెండు గంటలు. అన్నిటికీ వెళ్లాలని ఎవరూ పట్టుబట్టరు.

ఇక అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. పాఠం చెప్పే మాస్టారు ఉండరు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన వైఎంసీఏ భవనంలో మొదలుపెట్టిన నాటి నుంచీ పద్ధతి ఒకటే: సభ్యులే మాట్లాడతారు, సభ్యులే విని ఎలా ఉందో చెబుతారు. మొదట ఇద్దరు ముగ్గురు ముందే సిద్ధమై వచ్చిన ప్రసంగాలు చేస్తారు. ఆ తర్వాత ‘టేబుల్ టాపిక్స్’. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, లేచి ఆశువుగా రెండు నిమిషాల లోపు మాట్లాడాలి. చివర ప్రతి ప్రసంగంపైనా ఒకరు రెండు మూడు నిమిషాల్లో సమీక్ష చెబుతారు.

వీటన్నిటికీ టైమర్ ఉంటాడు. ఆశువుగా మాట్లాడేవారికి నిమిషం దాటగానే ఆకుపచ్చ కార్డు ఎత్తుతాడు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. ఇంకొకరు మన నోట దొర్లే ‘ఆ’, ‘ఊఁ’ అనే శబ్దాలను లెక్కపెట్టి చివర్లో చదువుతారు. మొదటి రోజు నా లెక్క పదిహేడు. ఒక్కరూ నవ్వలేదు, ఎందుకంటే అంతకుముందు మాట్లాడినాయనకు ఇరవై రెండు వచ్చాయి.

మీకు నా సలహా ఒక్కటే. చేరగానే ప్రసంగానికి పేరు ఇవ్వకండి, టైమర్ పని అడిగి పుచ్చుకోండి. లేచి నిలబడి “ఫలానావారు ఐదు నిమిషాల నలభై సెకన్లు మాట్లాడారు” అని చదివితే చాలు. పేర్లూ అంకెలూ తప్ప అందులో మరేమీ ఉండదు. అకౌంట్స్‌వారికి ఇంతకంటే అనువైన మొదటి మెట్టు నాకు తోచడం లేదు.

జవాబు: విశాఖపట్నం నుంచి

పై మాటలను కాదనను. రెండో వైపు కూడా చూపిస్తాను. నేను ఏడాదిన్నర ఉండి మానేశాను. మా క్లబ్బులో ఎవరు ఎలా మాట్లాడినా చప్పట్లే. సమీక్షలో ముందు మెచ్చుకుని, మధ్యలో చిన్న సూచన చేసి, మళ్లీ మెచ్చుకుని కూర్చునేవారు. ఆ మధ్యలోని సూచన నాకు ఎప్పుడూ “చేతులు ఇంకాస్త కదపండి” అనే వచ్చేది. కదిపాను. ఆఫీసులో మా మేనేజర్ నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

క్లబ్బు చెడ్డదని కాదు, ఆ క్లబ్బు నాకు సరిపడలేదు. కాబట్టి మొదట చూసినదానిలోనే డబ్బు కట్టేయకండి. కనీసం రెండు క్లబ్బులకు, వీలైతే ఒక్కోదానికి రెండుసార్లు వెళ్లండి. చూడవలసింది ప్రసంగాలను కాదు, సమీక్షలను. “బాగుంది” అంటే ఏది బాగుందో, ఏ వాక్యం దగ్గర వినేవారి ధ్యాస తప్పిందో చెబుతున్నారా? చెబితే చేరండి. సమావేశం వేళకు మొదలవుతోందా అన్నదీ గమనించండి. కాలాన్ని పాటించడం నేర్పవలసిన చోటే ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఇక ఏం నేర్చుకుంటాం?

జవాబు: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, తెనాలి

అమ్మా, ఆశువుగా మాట్లాడడం పరాయి విద్యేమీ కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు అవధాని చేత చేయించేది అదే. అవధాని పద్యపాదం కట్టుకుంటుండగా మధ్యలో దూరి “అవధానిగారూ, మీ ఇంట్లో ఈ రోజు కూరేమిటి?” అనే తరహా ప్రశ్న వేస్తాడు. అవధాని దానికి చమత్కారంగా జవాబు చెప్పి, మళ్లీ తన పాదాన్ని వదిలిన చోటే అందుకోవాలి. ధారణ అలవడేది అలాంటి ఆటంకాల మధ్యనే.

మీ ఉద్యోగానికి పనికివచ్చే మాట ఇంకొకటి. అంకెలను కాగితం మీద ఉన్నట్టు చదవకండి. 1,27,450 అని ఉంటే “లక్షా ఇరవై ఏడు వేల చిల్లర” అనండి. పూర్తి అంకె తెర మీద ఉంటుంది కదా. మొదటి వాక్యమూ చివరి వాక్యమూ మాత్రం కంఠతా పట్టండి. మధ్యలో తడబడినా దిగే మెట్టు తెలిసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

అందరికీ ధన్యవాదాలు. రెండు క్లబ్బులు చూశాను. మొదటిచోట విశాఖవారు చెప్పినట్టే ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యం. పైగా అందరూ పాత స్నేహితులు, నేను కుర్చీలో కుర్చీలా కూర్చుని వచ్చాను.

రెండోది ఒక గ్రంథాలయం మేడమీది గదిలో, ఆదివారం ఉదయం. పద్నాలుగు మంది ఉన్నారు. టేబుల్ టాపిక్స్‌లో అతిథులు ఇష్టముంటేనే లేవవచ్చన్నారు. లేవకూడదనే అనుకున్నాను. ప్రశ్న “మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు”. నా కళ్ల ముందు అమ్మ పోపుల పెట్టె కదిలింది, చేయి ఎలా ఎత్తానో తెలియదు. ఇత్తడిది, మూత కాస్త వంకర, ఆవాల గిన్నె ఎప్పుడూ మెంతుల గిన్నె మీదికి ఒరుగుతుంది. అంతవరకు ఇంగ్లీషులోనే లాగాను. పోపుల పెట్టెను ఇంగ్లీషులో ఏమనాలో తోచక “పోపుల పెట్టె” అనే అన్నాను. వెనక వరుసలో ఒకావిడ తల ఊపారు. తర్వాత మాట అందలేదు, కూర్చున్నాను. టైమర్ చదివినప్పుడు తెలిసింది, నలభై నాలుగు సెకన్లు. ఆకుపచ్చ కార్డు కూడా చూడలేదు.

అయినా వచ్చే ఆదివారం చేరుతున్నాను. టైమర్ పని అడిగితే వెంటనే ఇచ్చారు. ఇప్పుడు కొత్త సందేహం: మొదటి ప్రసంగం ‘ఐస్ బ్రేకర్’ నా గురించి నేనే చెప్పుకోవాలట. నా గురించి చెప్పడానికి ఏముంది? కాగితం పట్టుకోవచ్చా?

జవాబు: నాలుగేళ్లుగా సభ్యుడు, హైదరాబాద్

ఐస్ బ్రేకర్‌కు నాలుగు నుంచి ఆరు నిమిషాలు. పుట్టిన ఊరితో మొదలుపెట్టి ఉద్యోగం దాకా వరుసగా చెబితే బయోడేటా చదివినట్టు ఉంటుంది. మొదట్లో నేనూ అదే చేశాను, నా సమీక్షకుడు “మీరు ఉద్యోగానికి ఎంపికయ్యారు” అన్నాడు. మీ దగ్గర పోపుల పెట్టె ఉంది. ఒక్కో గిన్నెకు ఒక్కో సంగతి పెట్టుకోండి, మూడు గిన్నెలు చాలు. నాలుగోది తెరిస్తే ఎర్ర కార్డు వస్తుంది.

కాగితం పట్టుకోవచ్చు, నియమమేమీ అడ్డురాదు. అయితే పల్చని ఏ4 కాగితం వద్దు. పెళ్లి శుభలేఖ అట్టను సగానికి కోసి, దాని మీద మూడే మాటలు పెద్దక్షరాలతో రాసుకోండి. మందంగా ఉంటుంది కనుక చేయి వణికినా చప్పుడు చేయదు. బల్ల ఉంటే దాని మీదే పెట్టి చేతులు ఖాళీగా ఉంచుకోండి. ఇంట్లో లేచి నిలబడి, ఫోనులో టైమర్ పెట్టుకుని నాలుగైదుసార్లు పైకి చెప్పి చూడండి. మనసులో అనుకున్నప్పుడు పట్టే సమయం వేరు, నోటితో చెప్పినప్పుడు పట్టేది వేరు.

క్లబ్బులో మీకు ఒక మెంటర్‌ను కేటాయించమని ఇప్పుడే అడగండి. తల ఊపిన ఆవిడ ఎవరో కనుక్కుని ఆవిడనే అడగడం ఇంకా మంచిది.

ప్రశ్న అడిగినవారు

ఆవిడ పేరు కనుక్కున్నాను, ఒప్పుకున్నారు. ప్రసంగం వచ్చే నెల రెండో ఆదివారం. మా ఇంట్లో శుభలేఖలకు కొదవ లేదు. పెట్టెను కూడా తీసుకువెళ్లి బల్ల మీద పెట్టవచ్చా?

జవాబు: నాలుగేళ్లుగా సభ్యుడు, హైదరాబాద్

పెట్టవచ్చు. మూత ముందే తీసి పెట్టుకోండి, వంకర మూత అన్నారు కదా.