క్రెయిగ్‌హెడ్ కవలలు: నేవీ సర్వైవల్ పాఠాల నుంచి ఎల్లోస్టోన్ గ్రిజ్లీల దాకా, కొన్ని సందేహాలు

జువాలజీ మాస్టారు (ప్రశ్న)

డిగ్రీ విద్యార్థుల కోసం వన్యప్రాణి శాస్త్రవేత్తల మీద ఒక వ్యాసాల వరస తయారవుతోంది. ఈసారి వంతు అమెరికాకు చెందిన ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అన్నదమ్ములది. దొరికినవన్నీ "ఎలుగుబంటికి రేడియో కాలర్ పెట్టారు, పార్కు వాళ్ళతో గొడవపడ్డారు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాయి. పిల్లలకు అది చాలదు.

నాకు ముఖ్యంగా తెలియాల్సినవి ఇవి. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళు చేసిన పని ఏమిటి, యుద్ధ వెటరన్లు అని రాయొచ్చా? 1960ల్లో గ్రిజ్లీని (అక్కడి పెద్ద గోధుమ ఎలుగుబంటిని) పట్టి, జాడ తెలిపే రేడియో కాలర్‌ను మెడకు తొడగడం అంటే మొదటి నుంచి చివరి దాకా ఏమేం చేయాలి, ఎక్కడ తేడా కొడుతుంది? చెత్తకుప్పల మూసివేత మీద ఎల్లోస్టోన్ పార్కుతో జరిగిన గొడవలో అసలు వాదన ఏమిటి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.

పాత పత్రికలు

వెటరన్లు అని నిక్షేపంగా రాయండి మాస్టారూ. ఇద్దరూ అమెరికా నేవీలో పనిచేశారు. కాకపోతే తుపాకీ పట్టి ముందు వరసలో పోరాడినవాళ్ళుగా చూపించకండి. వాళ్ళ పని సర్వైవల్ శిక్షణ. విమానం కూలి సముద్రంలోనో, దీవి మీదో, అడవిలోనో పడ్డ పైలట్ బతికి బయటపడటం ఎలాగో నేర్పడం. ఆ పాఠాలే 1943లో నేవీ కోసం పుస్తకంగా వచ్చాయి. నీళ్ళెక్కడ దొరుకుతాయి, ఏ మొక్క తినొచ్చు, ఏది తినకూడదు లాంటివి అందులో ఉంటాయి. ఆ పుస్తకం యుద్ధం తర్వాత కూడా ఎన్నో ముద్రణలు పడింది.

ఈ పని వాళ్ళకే ఎందుకు వచ్చిందో తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. 1916 ఆగస్టు 14న వాషింగ్టన్ డీసీలో పుట్టారు. తండ్రి అడవి చెట్లకు పట్టే పురుగుల మీద పనిచేసిన కీటక శాస్త్రవేత్త. పిల్లలకు చిన్నప్పటి నుంచే చెట్టూ పుట్టా తిరగడం అలవాటైంది. కుర్రతనంలోనే డేగల్ని పట్టి, మచ్చిక చేసి, ఫొటోలు తీసి 1937లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో రాశారు. ఆ వ్యాసం చూసే మన దేశం నుంచి పిలుపొచ్చింది. భావనగర్ రాజకుటుంబానికి చెందిన ధర్మకుమార్ సింహ్‌జీకి కూడా డేగవేటంటే ప్రాణం. ఉత్తరాలతో మొదలైన స్నేహం 1940-41లో వాళ్ళని గుజరాత్ దాకా తీసుకొచ్చింది. ఆఫ్రికా నుంచి తెప్పించి మచ్చిక చేసిన చిరుతల్ని (మన చిరుతపులి కాదు, చీతా) కృష్ణజింకల మీదికి వదిలే వేటను అక్కడ దగ్గరుండి చూసి ఫిల్మ్ తీశారు. 1942లో దాని మీద వ్యాసం రాశారు. మీ విద్యార్థులకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి, మనకు నేరుగా సంబంధం ఉన్న భాగం ఇదే.

యుద్ధం అయ్యాక మిషిగన్ యూనివర్సిటీలో డేగలు, గుడ్లగూబలు తమ ఆహార జంతువుల సంఖ్య మీద ఎంత ప్రభావం చూపుతాయన్న అంశంపై డాక్టరేట్ చేశారు. 1952 నుంచి జాన్ మోంటానా యూనివర్సిటీలో వన్యప్రాణి పరిశోధన విభాగాన్ని నడిపాడు. ఫ్రాంక్ వ్యోమింగ్‌లో స్థిరపడ్డాడు. ఇద్దర్నీ ఒకే మనిషిగా కలిపేయడం చాలా వ్యాసాల్లో కనిపించే పొరపాటు, జాగ్రత్త.

యాంటెన్నా

రెండో ప్రశ్నకు నేను చెప్తాను. ముందు ఒక దిద్దుబాటు. జంతువులకు రేడియో పెట్టిన తొలి మనుషులు వీళ్ళు కాదు. 1959లోనే వుడ్‌చక్ అనే చిన్న జంతువుకు ట్రాన్స్‌మిటర్ అమర్చిన పని అచ్చయింది. పెద్ద అడవి జంతువుల్ని ఏళ్ళ తరబడి రేడియోతో వెంబడించిన మొదటి పని వీళ్ళది అంటే సరిపోతుంది. ఎల్లోస్టోన్ పార్కులో గ్రిజ్లీల అధ్యయనం 1959లో మొదలైంది, మొదటి కాలర్ 1961లో. తొడిగింది 40వ నంబరు ఆడ ఎలుగుకు, దాని పేరు మరియన్.

పట్టడం. రోడ్డు కింద వరద నీరు పోవడానికి వేసే ఇనుప తూము ఉంటుంది కదా, దాన్నే చక్రాల మీద బిగిస్తే బోను. ఒక చివర గట్టి జాలి, రెండో చివర పైనుంచి జారిపడే తలుపు. లోపల ఎరను లాగగానే తలుపు పడుతుంది. బోనులోకి రాని ఎలుగుకు గ్యాస్‌తో పేలే తుపాకీతో డార్ట్ (మందు నింపిన సూది) వేస్తారు.

అసలు చిక్కు మందులో ఉంది. అప్పట్లో వాడింది సక్సినైల్‌కోలిన్. దీన్ని చాలామంది మత్తుమందు అని రాసేస్తారు, కానీ ఇది మత్తు ఇవ్వదు. నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని ఆపేస్తుంది. అంటే ఎలుగు కదల్లేదు కానీ దానికి స్పృహ ఉంటుంది, వినపడుతుంది, నొప్పి తెలుస్తుంది. ప్రభావం కొద్ది నిమిషాలే. డోసు బరువును బట్టి ఉంటుంది, ఆ బరువును దూరం నుంచి కంటితో అంచనా కట్టాలి. తక్కువ కడితే చేతిలో పని సగంలో ఉండగా ఎలుగు లేచి నిలబడుతుంది. ఎక్కువ కడితే ఊపిరి తీయించే డయాఫ్రం కండరం కూడా ఆగిపోతుంది. శరత్కాలంలో ఇంకో ఇబ్బంది: గ్రిజ్లీ చలికాలానికి సిద్ధపడుతూ మందంగా కొవ్వు పడుతుంది. సూది కండ దాకా చేరక కొవ్వులోనే మందు వదిలితే అది రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది. "పనిచేయలేదు" అని రెండో డార్ట్ వేశారా, రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. ఇప్పుడు ఎలుగులకు టైలెటమిన్, జోలాజెపామ్ మిశ్రమం వాడతారు. డోసులో కాస్త అటూ ఇటూ అయినా ప్రాణం మీదికి రాదు, స్పృహ కూడా పోతుంది.

పడిపోయాక వరస ఇలా. ముందు ఊపిరి చూడాలి. తల కిందికి వాలి గొంతు మూసుకోకుండా సర్దాలి. రెప్పలు మూతపడవు కాబట్టి కళ్ళు ఎండకుండా లేపనం రాసి గుడ్డ కప్పాలి. తర్వాత చెవులకు రంగు గుర్తులు, చర్మం మీద నంబరు పచ్చబొట్టు. చెవి గుర్తు ఊడిపోతే పచ్చబొట్టే ఆధారం. కొలతలు, బరువు. వయసు కోసం ఒక చిన్న ముందు దవడ పన్ను తీస్తారు. దాని వేరును పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే ఏడాదికో పొర చొప్పున లెక్కపెట్టొచ్చు. ఆ పన్ను ఎలుగు తిండికి పెద్దగా పనికొచ్చేది కాదు.

కాలర్ బిగించడమే కష్టం. గ్రిజ్లీ మెడ దాదాపు తలంత లావు. వదులుగా పెడితే ముందుకాలితో లాగి పారేస్తుంది. బిగిస్తే, జూన్‌లో సరిపోయిన పట్టీ అక్టోబరుకు మెడలోకి దిగి పుండు చేస్తుంది. అందుకే ఎదిగే పిల్లలకు పెట్టకూడదు. ఇప్పటి కాలర్లలో మధ్యన నూలు గుడ్డ ముక్క ఒకటి కుడతారు. బ్యాటరీ అయిపోయే వేళకు అది చివికి తెగిపోతుంది, కాలర్ దానంతటదే రాలిపోతుంది.

ఇక సిగ్నల్. వాళ్ళ ట్రాన్స్‌మిటర్లు 32 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసేవి. ఆ తరంగం పొడవు తొమ్మిది మీటర్లకు పైనే. ఇవాళ 150 మెగాహెర్ట్జ్‌కి వాడే చేప ముల్లు ఆకారపు యాంటెన్నాలో ఒక్కో పుల్ల సుమారు మీటరు. అదే 32కి చేస్తే నాలుగున్నర మీటర్లు దాటుతుంది, అడవిలో పట్టుకు తిరగలేం. అందుకని రింగు ఆకారపు లూప్ యాంటెన్నా. దానితో శబ్దం ఎక్కువ వినపడే దిక్కు కన్నా, పూర్తిగా సన్నగిల్లే దిక్కే కచ్చితంగా దొరుకుతుంది. కానీ జంతువు ముందుందో వెనకుందో లూప్ చెప్పదు. అందుకే ఇంకో చోటికి నడిచి మళ్ళీ చూడాలి.

కొద్ది నిమిషాల తేడాలో మూడు చోట్ల నుంచి దిక్కు పట్టి, మ్యాప్ మీద గీతలు గీయాలి. గీతలు లంబకోణానికి దగ్గరగా ఖండించుకుంటే మంచిది. 20 డిగ్రీల సన్నటి కోణంలో కలిస్తే చిన్న తప్పు కూడా గీత వెంట బారుగా సాగుతుంది. 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న జంతువుకు దిక్కు 5 డిగ్రీలు తప్పితే పక్కకు దాదాపు 440 మీటర్లు పోయినట్టే. లోయ గోడల మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ ఇంకా మోసం చేస్తుంది. బలంగా, స్పష్టంగా వస్తుంది, కానీ ఎదుటి కొండ నుంచి. మీ పిల్లల చేత ఈ గీతల పని కాగితం మీద చేయించండి, ఒక్క పూటలో అర్థమవుతుంది.

ఈ కష్టానికి దక్కిన ఫలితం చిన్నది కాదు. గ్రిజ్లీలు చలికాలపు గుంతలను ముందే తవ్వి పెట్టుకుంటాయని, ఎక్కువగా మంచు నిలిచే ఉత్తరపు వాలుల్లో, చెట్టు వేళ్ళ కింద తవ్వుతాయని, లోపల కొమ్మలు పరుచుకుంటాయని తెలిసింది. ఒక పెద్ద మంచు తుఫాను పడేటప్పుడే చాలావరకు లోపలికి చేరతాయి. కురిసే మంచు అడుగుజాడల్ని కప్పేస్తుంది. కాళ్ళ గుర్తులు పట్టుకుని వెతికినవాళ్ళకు ఇది చిక్కే ప్రసక్తే లేదు.

తూర్పుకనుమలు

చెత్తకుప్పల సంగతి. పార్కులో హోటళ్ళ ఎంగిలి పారబోసే కుప్పలు ఉండేవి, వాటిలో పెద్దది హేడెన్ లోయలోని ట్రౌట్ క్రీక్. వేసవిలో గ్రిజ్లీలు అక్కడికి చేరేవి. 1967 ఆగస్టు 13 తెల్లవారేలోగా మోంటానాలోని గ్లేషియర్ పార్కులో రెండు వేర్వేరు చోట్ల గ్రిజ్లీలు ఇద్దరు యువతులను చంపాయి. దాంతో ఎల్లోస్టోన్‌లో కుప్పల్ని మూసేయాలన్న ఒత్తిడి వచ్చింది.

మూయాలన్నదాంట్లో పార్కుకూ కవలలకూ పేచీ లేదు, వేగం మీదే తేడా. పార్కు వాదన: వెంటనే మూసేస్తే కొత్త పిల్లలు ఎంగిలి రుచి నేర్చుకోవు, అడవి లోపల కుప్పల జోలికి రాని ఎలుగుల గుంపు ఎలాగూ ఉంది. కవలల వాదన: అలాంటి వేరే గుంపే లేదు. రెండు వందలకు పైగా ఎలుగులకు గుర్తులు వేసి చూస్తే దాదాపు అన్నీ ఏదో ఒకప్పుడు కుప్పలకు వస్తున్నాయి. అందుకని కొన్నేళ్ళ మీద మెల్లగా తగ్గించి, ఎల్క్ (అక్కడి పెద్ద జింక) కళేబరాలను దూరంగా వేస్తూ మళ్ళించాలి. లేదంటే అవి నేరుగా టెంట్ల దగ్గరికి వస్తాయి.

పార్కు తన మాటే నెగ్గించుకుంది. ట్రౌట్ క్రీక్ 1970లో మూతపడింది. ఎలుగులు క్యాంపుల్లోకి రావడం, వాటిని చంపాల్సి రావడం పెరిగింది. మరియన్ కూడా 1969లో పార్కు సిబ్బంది కాల్పుల్లో చనిపోయింది. ఏం ప్రచురించినా ముందు మా అనుమతి తీసుకోవాలని పార్కు షరతు పెట్టింది, కవలలు ఒప్పుకోలేదు. 1971తో అధ్యయనం ముగిసింది. 1974లో జాతీయ సైన్సెస్ అకాడమీ కమిటీ, పార్కు సొంత పరిశోధన చాలదని చెప్పింది. 1975లో గ్రిజ్లీని ముప్పు పొంచి ఉన్న (threatened) జాతిగా చట్టం కింద చేర్చారు.

"ఇవాళ ఆ ప్రాంతంలో గ్రిజ్లీలు వెయ్యి దాకా ఉన్నాయి కదా, పార్కే కరెక్టు" అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. 1975 తర్వాత చంపకుండా చట్టం కాపాడింది, చుట్టుపక్కల చెత్త డబ్బాలు ఎలుగు తెరవలేనివిగా మారాయి, తెల్లబెరడు పైన్ గింజలు, రాళ్ళ కింద దొరికే చిమ్మటల లాంటి ఆహారం మీద అవి నిలదొక్కుకున్నాయి. ఇవన్నీ తర్వాత జరిగినవి. ఒక్కసారిగా మూయడం వల్ల పోయిన ఎలుగుల లెక్క దీనితో చెల్లిపోదు. ఆడ గ్రిజ్లీ ఈతకు ఈతకు మధ్య దాదాపు మూడేళ్ళు పడుతుంది కాబట్టి కొన్ని తల్లులు పోయినా గుంపు కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది.

జువాలజీ మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. గ్రిజ్లీల తర్వాత వాళ్ళేం చేశారో కూడా రెండు ముక్కలు చెప్తే వ్యాసం పూర్తవుతుంది.

యాంటెన్నా

ఎలుగుల పని జరుగుతుండగానే ఇంకో రెండు పెద్ద పనులు చేశారు. జాన్ మోంటానాలో ఫ్లాట్‌హెడ్ నది మధ్య పాయ మీద కట్టబోయిన స్ప్రూస్ పార్క్ డ్యామును వ్యతిరేకించాడు. ఆనకట్టలు లేని నదుల్ని చట్టంతో కాపాడాలన్న అన్నదమ్ముల ఆలోచన 1968 అక్టోబరు 2న సంతకమైన నదుల చట్టానికి ఊతమిచ్చింది. రెండోది, 1970లో మోనిక్ అనే ఎల్క్‌కు కాలర్ తొడిగి నింబస్-3 ఉపగ్రహంతో జాడ తీశారు. ఆ కాలర్ బరువు పది కిలోలు. ఇవాళ కాలర్ బరువు జంతువు బరువులో 5 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న గీటురాయి. 230 కిలోల ఆడ ఎల్క్ అనుకుంటే పది కిలోలు సుమారు 4.3 శాతం, అంటే గీతకు లోపలే, కానీ అంచున.

ఫ్రాంక్ 2001లో వ్యోమింగ్‌లో, జాన్ వందేళ్ళు నిండాక 2016 సెప్టెంబరులో మోంటానాలో చనిపోయారు.

పాత పత్రికలు

పుస్తకాలు పేర్కొనేటప్పుడు: 1979లో వచ్చిన గ్రిజ్లీల పుస్తకం ఫ్రాంక్ ఒక్కడిది. 1995లో వచ్చిన లావుపాటి ఎల్లోస్టోన్ గ్రిజ్లీ గ్రంథం జాన్, మరో ఇద్దరు సహరచయితలది. పార్కు గొడవ గురించి రాసేటప్పుడు ఏ మాట ఎవరి పుస్తకంలోదో చూసుకుని రాయండి.