స్మార్ట్ ప్లగ్ వాట్లకూ ఇంటి మీటరుకూ పొంతన లేదు: టాస్మోటాలో కాలిబ్రేషన్ ఎలా చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో గీజరుకు, ఫ్రిజ్‌కు, వై-ఫై రూటరుకు ఒక్కొక్క స్మార్ట్ ప్లగ్ పెట్టి, వాటిలో ఉన్న పాత ఫర్మ్‌వేర్ (ప్లగ్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) తీసివేసి, దాని బదులు టాస్మోటా అనే ఫర్మ్‌వేర్ ఎక్కించాను. మూడింటిలోనూ కొలత చిప్ బీఎల్0937. ఆన్, ఆఫ్, టైమర్లు చక్కగా పనిచేస్తున్నాయి గానీ కొలతల మీద నమ్మకం కుదరడం లేదు. ఒకే బల్బును ఒక ప్లగ్ నుంచి తీసి మరొకదానికి పెడితే వాట్లు మారిపోతున్నాయి. వోల్టేజీ ఒకదానిలో 221 ఉంటే, అదే సమయంలో పక్కదానిలో 238 కనిపిస్తోంది.

నిజమైన వాట్లు ఇన్ని అని ప్లగ్‌కు చెప్పే 'పవర్‌సెట్' (PowerSet) ఆదేశంతో దీనిని సరిచేయవచ్చని, అంటే కాలిబ్రేషన్ చేయవచ్చని చదివాను. గీజరు మీద 2000 వాట్లు అని రాసి ఉంది కనుక, దానిని ఆన్ చేసి పవర్‌సెట్ 2000 అని ఇస్తే సరిపోతుందా? ఒక ప్లగ్‌లో కుదిరిన విలువలను మిగిలిన రెండింటికీ ఎక్కించవచ్చా? నెలాఖరుకు గీజరు ఎన్ని యూనిట్లు తీసుకుందో సరిగ్గా తెలుసుకోవడమే నా ఉద్దేశం.

జవాబు 1

రెండు ప్రశ్నలకూ నా సమాధానం కాదనే. గీజరు మీద రాసిన 2000 వాట్లు ఆ వస్తువు తరగతిని చెప్పే అంకె మాత్రమే, అది ఈ క్షణంలో మీ ఇంట్లో తీసుకుంటున్న విద్యుత్తు కాదు. వేడిచేసే పరికరాలకు ప్రమాణాలే రాసిన విలువ కంటే 5 శాతం ఎక్కువ, 10 శాతం తక్కువ వరకు తేడాను అనుమతిస్తాయి. దానికి తోడు కాయిల్ తీసుకునే వాట్లు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే హెచ్చిస్తే వచ్చే విలువను) బట్టి మారతాయి. 230 వోల్టుల వద్ద సరిగ్గా 1000 వాట్లు తీసుకునే కాయిల్, సాయంత్రం వోల్టేజీ 215కు పడిపోతే సుమారు 874 వాట్లే తీసుకుంటుంది, 240కి పెరిగితే 1089కి చేరుతుంది. లేబుల్‌ను నమ్మి పవర్‌సెట్ ఇచ్చారంటే ఆ తేడానంతా ప్లగ్‌లో శాశ్వతంగా నింపినట్టే.

ఒకే రకం ప్లగ్‌లు వేర్వేరుగా చూపడానికి కారణం వాటి బోర్డు మీదే ఉంది. బీఎల్0937 గానీ, దానికి ముందు వచ్చిన హెచ్‌ఎల్‌డబ్ల్యు8012 గానీ వాట్లను అంకెగా చెప్పవు. వాట్లకు అనులోమంగా పల్సులను మాత్రం పంపుతాయి, ఆ పల్సులను ఒక గుణకంతో హెచ్చించి వాట్లుగా మార్చేది ఫర్మ్‌వేర్. కరెంటును కొలిచే షంట్ అనే చిన్న రెసిస్టర్ సాధారణంగా 1 మిల్లీఓమ్ మాత్రమే కావడం వల్ల దాని కాళ్ల దగ్గర టంకం కాస్త ఎక్కువైనా కొలత కదులుతుంది. వోల్టేజీని తగ్గించి చిప్‌కు అందించే రెసిస్టర్ల వరుసలోనూ ఒక్కొక్క బోర్డుకు కొంత తేడా ఉంటుంది. అందుకే ఒక ప్లగ్ విలువలు మరొకదానికి ఆరంభానికి పనికొస్తాయి గానీ, ఏ ప్లగ్‌కు ఆ ప్లగ్‌ను విడిగా సరిచేయక తప్పదు.

టాస్మోటాలో వోల్టేజీకి, కరెంటుకు, పవర్‌కు మూడు వేర్వేరు గుణకాలు ఉంటాయి. వోల్టేజీని సరిచేసినంత మాత్రాన వాట్లు సరికావు, ఎందుకంటే పవర్ పల్సులు చిప్ నుంచి వేరే కాలు మీద వస్తాయి. మీకు కావలసినవి యూనిట్లు కాబట్టి అన్నిటికంటే ముఖ్యం పవర్ గుణకమే. మిగిలిన రెండింటినీ తర్వాత చూసుకున్నా నష్టం లేదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఈ ప్లగ్‌ల లోపలి సర్క్యూట్ మెయిన్స్ నుంచి వేరుపరచి ఉండదు, చిప్ గ్రౌండ్ నేరుగా కరెంటు తీగతో కలిసి ఉంటుంది. ప్లగ్ సాకెట్‌లో ఉన్నప్పుడు మూత తీయడం గానీ, సీరియల్ అడాప్టర్ తగిలించడం గానీ ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. కాలిబ్రేషన్ అంతా వెబ్ కన్సోల్ (బ్రౌజర్‌లో ప్లగ్‌కు ఆదేశాలు ఇచ్చే పేజీ) నుంచే చేయవచ్చు. ఆదేశాలను మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయాలి.

జవాబు 2

పైవారు చెప్పినదంతా సరైనదే. లేబుల్‌కు బదులు దేనిని ఆధారంగా తీసుకోవాలన్నది నేను చెబుతాను. మీ ఇంటి గోడ మీదే మంచి ఆధారం ఉంది. ఇళ్లకు బిగించే ఎలక్ట్రానిక్ మీటర్లు సాధారణంగా క్లాస్ 1.0 రకం, అంటే వాటి తేడా ఒక శాతం చుట్టూనే ఉంటుంది. మీటరు ముఖం మీద యూనిట్‌కు ఎన్ని పల్సులో అచ్చువేసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200, కొన్నింటిలో 1600. మీ మీటరు మీద ఉన్నదే తీసుకోండి. ఎర్ర లైటు ఒకసారి మెరిస్తే ఒక పల్సు. రెండు లైట్లున్న మీటరైతే యూనిట్లకు సంబంధించినదానినే చూడాలి.

లోడ్‌గా గీజరు వద్దు, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు, వాటిలో థర్మోస్టాట్ మధ్యలో ఆపి మళ్లీ వెలిగిస్తుంది. బకెట్లో పెట్టి నీళ్లు కాచే రాడ్, 1000 వాట్లది, ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ముందు రాడ్‌ను గుర్తు వరకు నీళ్లలో ముంచి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపి ప్లగ్ తీసే వరకు నీళ్లలో చేయి పెట్టకూడదు.

ఇంట్లో మిగిలిన ఎంసీబీలన్నీ దించేయండి. ఇన్వర్టర్ ఉంటే దానికి వచ్చే మెయిన్స్ కూడా ఆపండి, లేకపోతే బ్యాటరీ చార్జింగ్ మీటరులో కలుస్తుంది. అప్పుడు రూటరు బ్యాటరీ మీద నడుస్తుంది కనుక ప్లగ్‌ను ఫోనులో చూసుకోవడానికి ఇబ్బంది ఉండదు. ప్లగ్‌ను, రాడ్‌ను మాత్రం నేరుగా మెయిన్స్ మీదే నడపాలి. డాబా మీద సోలార్ ఉంటే ఆ కాసేపు దానినీ ఆపాలి.

ఇప్పుడు లైటు మెరుపులను ఫోనులో వీడియో తీస్తే లెక్క తప్పదు. 3200 పల్సుల మీటరులో 100 మెరుపులకు 120 సెకన్లు పట్టిందనుకోండి. 36 లక్షలను (ఒక యూనిట్‌లో ఉండే జౌళ్లు) 100తో హెచ్చించి, 3200 ఇంటూ 120తో భాగిస్తే 937.5 వాట్లు వస్తుంది. రాడ్ నడుస్తుండగానే పవర్‌సెట్ 937.5 అని ఇవ్వవచ్చు.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. మీటరు చెప్పేది రెండు నిమిషాల సగటు, పవర్‌సెట్ పట్టుకునేది ఆ ఒక్క క్షణం. మధ్యలో వోల్టేజీ ఊగితే, మన ఊళ్లలో అది ఊగకుండా ఉండడమే అరుదు, రెండూ కలవవు. అందుకని నేను వాట్లను వాట్లతో కాకుండా యూనిట్లను యూనిట్లతో పోల్చమంటాను. 'ఎనర్జీరెస్ 5' (EnergyRes 5) అని ఇస్తే యూనిట్లు ఐదు దశాంశాల వరకు కనిపిస్తాయి. 320 మెరుపులు అంటే సరిగ్గా 0.1 యూనిట్, పై రాడ్‌తో ఆరున్నర నిమిషాల పని. అదే వ్యవధిలో ప్లగ్ 0.108 యూనిట్లు చూపిందనుకుందాం. 'పవర్‌క్యాల్' (PowerCal) అని అంకె లేకుండా ఇస్తే ప్రస్తుత పవర్ గుణకం కనిపిస్తుంది, మొదట అది 12530 ఉంటుంది. దానిని 0.1తో హెచ్చించి 0.108తో భాగిస్తే 11602. పవర్‌క్యాల్ 11602 అని ఇచ్చి, మరోసారి అదే కొలత చేసి సరిచూసుకోండి. వోల్టేజీ ఎంత ఊగినా రెండు మీటర్లూ ఆ ఊపును కలిసే చూశాయి కాబట్టి నిష్పత్తి చెడదు.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. రాడ్‌తోనే చేశాను. గీజరు ప్లగ్ ఇప్పుడు మీటరుకు ఒక శాతం లోపల వస్తోంది, నాకు కావలసింది అదే. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఫ్రిజ్ ప్లగ్‌లో వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే అది చూపే వాట్ల కంటే చాలా ఎక్కువ వస్తోంది, అంటే రాడ్‌తో చేసిన కాలిబ్రేషన్ మోటారుకు పనికిరాదా? రూటరు ప్లగ్‌లో వాట్లు ఒక్కోసారి సున్నాకు పడిపోయి, మళ్లీ హఠాత్తుగా పైకి లేస్తున్నాయి. దానికీ గుణకమే మార్చాలా?

జవాబు 1 (మళ్లీ)

ఫ్రిజ్‌లో కనిపించేది తప్పు కాదు. కంప్రెసర్‌లో కరెంటు వోల్టేజీ వెనుక నడుస్తుంది, అందువల్ల వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్ ఆంపియర్లు. చిప్ మాత్రం ప్రతి క్షణపు వోల్టేజీని ఆ క్షణపు కరెంటుతో హెచ్చించి నిజమైన వాట్లనే లెక్కిస్తుంది. రాడ్‌తో సరిచేసిన పవర్ గుణకం ఫ్రిజ్‌కు కూడా చెల్లుతుంది, బిల్లులో పడేదీ ఆ వాట్లే. మోటారు మీద కరెంటును సెట్ చేయడానికి మాత్రం ప్రయత్నించవద్దు. రాడ్ నడుస్తున్నప్పుడు సాకెట్ దగ్గరి వోల్టేజీని మల్టీమీటరుతో కొలిచి వోల్టేజ్‌సెట్ (VoltageSet) ఇవ్వండి. తర్వాత వాట్లను వోల్టులతో భాగించి, వచ్చినదానిని మిల్లీఆంపియర్లలో కరెంట్‌సెట్‌కు (CurrentSet) ఇవ్వండి. 937.5 వాట్లు, 225 వోల్టులు అయితే 4167.

రూటరు సంగతి వేరు, అక్కడ గుణకం మార్చి ప్రయోజనం లేదు. హెచ్‌ఎల్‌డబ్ల్యు8012 డేటాషీట్‌లోని సూత్రం ప్రకారం, 1 మిల్లీఓమ్ షంట్‌తో, 470 కిలోఓమ్‌ల రెసిస్టర్లు ఐదు వరుసగా ఉన్న సాధారణ బోర్డులో, ఒక పల్సు సుమారు 10 జౌళ్లకు సమానం. బీఎల్0937లో అంకెలు వేరైనా పనితీరు అదే. హెచ్‌ఎల్‌డబ్ల్యు8012 లెక్కన 1000 వాట్ల రాడ్‌కు సెకనుకు వంద వరకు పల్సులు వస్తే, 5 వాట్ల రూటరుకు రెండు సెకన్లకు ఒకటి చొప్పున వస్తుంది. అంత తక్కువ లోడ్‌లో ఏ క్షణపు వాట్లనూ నమ్మలేము. రూటరు గంటల తరబడి ఒకేలా నడుస్తుంది కాబట్టి, ఒక రోజంతటి యూనిట్లు తీసుకుని 24తో భాగించి సగటు చూడండి. అది కూడా అంచనాగానే వాడుకోండి, పైసల వరకు లెక్క కట్టవద్దు.

ఒక చిన్న పని మరచిపోకండి. ఫర్మ్‌వేర్ రీసెట్ చేస్తే ఈ గుణకాలు పాత విలువలకు పోతాయి. ప్రతి ప్లగ్ వెనుక చిన్న కాగితం అంటించి, దాని మూడు గుణకాలనూ రాసి పెట్టుకోండి.